మొక్కుబడికీ మొరకీ మధ్య: బైబిల్లో నిజమైన ప్రార్థన

తెలుగులో 'మొక్కుబడి' అనే మాటకు రెండు ముఖాలు. దేవుడికి ఇచ్చిన మాట మొక్కుబడి. మనసు పెట్టకుండా, చేశామనిపించుకోడానికి చేసే పనీ మొక్కుబడే: 'మొక్కుబడిగా పలకరించి వెళ్లిపోయాడు' అంటాం. తిరుపతిలో ఉండే క్రైస్తవులకు మొదటి అర్థం రోజూ కళ్లముందు కనబడేదే. అలిపిరి దగ్గర మెట్లెక్కడానికి బయల్దేరే కుటుంబాలు, పసుపు గుడ్డలో కట్టిన ముడుపులు, తలనీలాలిచ్చి దిగివచ్చిన పిల్లల గుండ్ల మీద చందనం. మొక్కుకున్నది చెల్లించాలని ఈ ఊళ్లో ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు. ఆ విషయంలో బైబిలూ అంతే కచ్చితం: "నీవు మ్రొక్కుకొని చెల్లింపకుండుటకంటె మ్రొక్కుకొనకుండుటయే మేలు" అంటుంది ప్రసంగి 5:5.

చిక్కంతా రెండో అర్థంతోనే. ఆదివారం ఆరాధనలో, ఇంటి కూడికలో, అన్నం ముందు, నిద్రకు ముందు, అలవాటైన పది వాక్యాలు నోటి నుంచి జారిపోతాయి. ఆమేన్ అన్నాక ఏం అడిగామో అడిగినవాళ్లకే గుర్తుండదు. ఇలాంటి ప్రార్థనకు ఎదురుగా తెలుగు బైబిల్ ఒక పాత మాటను నిలబెడుతుంది: మొఱ్ఱ. "తనకు మొఱ్ఱపెట్టువారికందరికి తనకు నిజముగా మొఱ్ఱపెట్టువారికందరికి యెహోవా సమీపముగా ఉన్నాడు" (కీర్తన 145:18). ఒకే మాటను రెండుసార్లు చెప్పి, రెండోసారి 'నిజముగా' అనే షరతు తగిలించాడు కీర్తనకారుడు. హీబ్రూలో అక్కడున్నది 'ఎమెత్', అంటే సత్యం. ఎంత గట్టిగా అరిచారు, ఎంతసేపు ఏడ్చారు అన్న లెక్క ఆ వచనంలో లేదు. చెప్పిన మాటా, లోపల ఉన్నదీ ఒకటేనా అన్నదే లెక్క.

ఈ తేడా పట్టుకోకపోతే ప్రార్థన గురించి బైబిల్ చెప్పే మిగతా సంగతులు తలకిందులుగా అర్థమవుతాయి. నిజాయితీ అంటే ఆవేశం అనుకున్నవాళ్లు ఆవేశం రాని రోజున ప్రార్థన మానేస్తారు, లేదా తెచ్చిపెట్టుకుంటారు. రెండోది మొదటిదానికన్నా చెడ్డది.

తలుపు ఉన్న గది

కొండమీది ప్రసంగంలో, మత్తయి 6వ అధ్యాయం 5 నుంచి 8 వరకు నాలుగు వచనాల్లో యేసు రెండు రకాల తప్పుడు ప్రార్థనలను విడివిడిగా చూపించాడు. ఈ రెండింటినీ కలిపేయడం బోధల్లో తరచూ జరుగుతుంది. ఒకటి మనుషులు చూడాలని చేసేది. రెండోది మాటలు ఎక్కువైతే దేవుడు వింటాడని చేసేది. మొదటిదాంట్లో పొరపాటు ఎవరితో మాట్లాడుతున్నామన్న చోట ఉంది. రెండోదాంట్లో ఆయన ఎలాంటివాడన్న చోట ఉంది.

మొదటివారిని తెలుగు బైబిల్ 'వేషధారులు' అంది. గ్రీకు మూలంలోని మాట రంగస్థలం మీద వేషం కట్టే నటుడికి వాడేది కాబట్టి ఇది చక్కగా కుదిరింది. నటుడు రాజు వేషంలో ఏడిస్తే ఆ ఏడుపు అబద్ధం అనలేం, అయితే అది చూసేవాళ్ల కోసం. 'వారు తమ ఫలము పొందియున్నారు' అన్న తీర్పులో వాడిన గ్రీకు క్రియ ఆ కాలపు రశీదుల్లో కనబడే మాట. మన పాత నోట్ల మీద 'పైకం ముట్టినది' అని రాసుకున్నట్టే. నలుగురు చూడాలని ప్రార్థించారు, నలుగురూ చూశారు, బాకీ చెల్లు. ఇంక రావలసింది ఏమీ లేదు.

విరుగుడుగా చెప్పిన గది గురించి ఒక సంగతి తెలిస్తే ఆ వచనం మరింత దగ్గరవుతుంది. "నీ గదిలోనికి వెళ్లి తలుపు వేసి" అన్నచోట గ్రీకులో 'తమేయొన్' అని ఉంది. సరుకులు దాచుకునే లోపలి గది అది. లూకా 12:24లో కాకులకు లేదని చెప్పినవాటిలో ఇదీ ఒకటి. చిత్తూరు వైపు పెద్ద ఇళ్లలో ఉగ్రాణం అంటారే, అది. కిటికీ ఉండదు, వెలుతురు ఉండదు, అతిథులను కూర్చోబెట్టే చోటు కాదు. యేసు తిరిగిన గలిలయలో సామాన్యుల ఇళ్లు చిన్నవి. గింజలు, నూనె ఉన్న ఆ కొట్టుకు తలుపు ఉండటమే ఎక్కువ. అంటే యేసు చెప్పింది పూజగది లాంటి ప్రత్యేకమైన చోటు గురించి అనుకోనక్కర్లేదు. ధాన్యం బస్తాల మధ్య, ఎవరూ తొంగిచూడని మూల చాలు.

తిరుపతిలో రెండు గదుల అద్దె ఇంట్లో అయిదుగురు ఉండేచోట ఆ మూల కూడా దొరకదు. మేడ మీద నీళ్ల ట్యాంకు నీడ, పొద్దున అయిదున్నరకు ఖాళీగా ఉన్న వంటిల్లు, డ్యూటీకి వెళ్లేముందు పార్కింగులో ఆపిన బండి మీద పది నిమిషాలు, ఇవన్నీ తమేయొన్ కిందికే వస్తాయి. యేసుకే ఒక గది ఉన్నట్టు సువార్తల్లో లేదు. ఇంకా చాలా చీకటి ఉండగానే లేచి అరణ్య ప్రదేశానికి వెళ్లాడని మార్కు 1:35 చెబుతుంది. ఈ రోజుల్లో తలుపు వేయడమంటే ముందుగా ఫోను బయట పెట్టడం. వాక్యం ఫోన్లోనే చదువుతాను అనే మాట నిజమే గానీ, వాట్సాప్ కూడా ఆ ఫోన్లోనే ఉంది. అచ్చు బైబిలు కొనుక్కోవడం మేలు.

29 మాటలు, 6 మాటలు

రెండో తప్పు మాటల పోగు. "విస్తరించి మాటలాడుటవలన తమ మనవి వినబడునని వారు తలంచుచున్నారు" అన్నాడు యేసు. లూకా 18వ అధ్యాయంలో దేవాలయానికి వెళ్లిన ఇద్దరి కథ ఈ విషయాన్ని లెక్కతో సహా చూపిస్తుంది. ధర్మశాస్త్రాన్ని కచ్చితంగా పాటించే పరిసయ్యుడి ప్రార్థన గ్రీకులో 29 మాటలు. పన్నులు వసూలు చేసే సుంకరిది 6. తెలుగులో అది ఇంకా కుదించుకుపోయి నాలుగు మాటలైంది: "దేవా, పాపినైన నన్ను కరుణించుము."

పరిసయ్యుడు అబద్ధం చెప్పాడని కథలో ఎక్కడా లేదు. వారానికి రెండుసార్లు ఉపవాసం ఉన్నది నిజం, పదో వంతు ఇచ్చింది నిజం. ఆ ప్రార్థన పుచ్చిపోయింది మరోచోట. అతని కళ్లు పక్కవాడి మీద ఉన్నాయి. 'ఈ సుంకరివలె' అంటూ ప్రార్థనలో పక్కవాడిని వేలెత్తి చూపించాడు. పైగా అడిగిందంటూ ఏమీ లేదు. ఉన్న ఒక్క కృతజ్ఞతా తన గురించే. ఈ తరహా ప్రార్థన మన కూటాల్లో మరో వేషంలో వస్తుంది: "ప్రభువా, ఆరాధనకు ఆలస్యంగా వచ్చేవారి మనసు మార్చు తండ్రీ." కళ్లు మూసుకుని ఉన్నా ఆ మాట ఎవరికి తగలాలో వాళ్లకు తగులుతుంది. దేవుడి పేరు చెప్పి పక్కింటివాళ్లకు రాసిన ఉత్తరం లాంటిది అది.

అయితే చిన్న ప్రార్థనే మంచి ప్రార్థన అని సూత్రం కట్టేస్తే మళ్లీ తప్పే. సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో యేసు 'ఆ మాటలే చెప్పుచు' మూడోసారి ప్రార్థించాడని మత్తయి 26:44 రాసింది. లూకా 6:12లో రాత్రంతా ప్రార్థనలో గడిపాడు. అర్ధరాత్రి మూడు రొట్టెలు అడగడానికి వెళ్లి తలుపు కొట్టిన స్నేహితుడి గురించి తెలుగు అనువాదం 'సిగ్గుమాలి మాటిమాటికి అడుగుటవలన' అని చాలా ధైర్యంగా రాసింది. గ్రీకు మాటకు నిజంగానే సిగ్గులేనితనం అని అర్థం. అన్యాయపు న్యాయాధిపతి చుట్టూ తిరిగిన విధవరాలు కూడా ప్రతిసారీ ఒకే అర్జీ పట్టుకొచ్చింది. కలెక్టరాఫీసులో సోమవారం అర్జీల వరుసలో నిలబడ్డవాళ్లకు ఆమె సంగతి వేరే వివరించనక్కర్లేదు. మళ్లీ అడగడానికీ, వ్యర్థంగా వల్లించడానికీ తేడా ఇక్కడే ఉంది. అవసరం తీరక మళ్లీ వచ్చేది మొర. మాటల బరువుతో దేవుణ్ణి కదిలించవచ్చని లెక్కేసేది వల్లింపు. కర్మెలు కొండ మీద బయలు అనే దేవత ప్రవక్తలు పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా ఒకే పిలుపు పిలిచారు. యెహోవా ప్రవక్త ఏలీయా ప్రార్థన రెండు వచనాల్లో, 1 రాజులు 18:36, 37లో అయిపోయింది.

మన ప్రార్థనల్లో వల్లింపు ఎక్కువగా చేరేది ఊతపదాల దారిలో. 'స్తోత్రం', 'హల్లెలూయ', 'అవును తండ్రీ', 'ప్రభువా' అనేవి వాక్యానికి రెండు చొప్పున పడుతుంటాయి. అవన్నీ మంచి మాటలే. తరువాత ఏం అడగాలో తోచని ఖాళీని పూడ్చడానికి వాటిని వాడటంతోనే తంటా. ఆ ఖాళీని ఖాళీగా వదిలేస్తే నష్టమేమీ లేదు.

'మా' అన్న చిన్న మాట

ప్రార్థన ఎలా చేయాలో శిష్యులు అడిగినప్పుడు యేసు ఇచ్చిన నమూనా లూకా 11లో ఉంది, కొంచెం పొడవైన రూపం మత్తయి 6లో ఉంది. తెలుగులో ఇంచుమించు 35 మాటలే. మామూలుగా చెబితే అర నిమిషం. చివర మనం కలిపే 'రాజ్యము, బలము, మహిమ' అన్న స్తుతి అతి ప్రాచీనమైన రాతప్రతుల్లో కనబడదు, ఆరాధనలో వాడుకలోంచి వచ్చి చేరింది. అందుకే దాన్ని చదవకూడదని కాదు, నమూనా ఎక్కడ ఆగిందో తెలియాలని.

మొదటి మూడు విన్నపాలు 'నీ' అనే మాటతో మొదలవుతాయి: నీ నామము, నీ రాజ్యము, నీ చిత్తము. తరువాతివి 'మా' తో నడుస్తాయి. 'నా' అన్నది మొత్తం ప్రార్థనలో ఒక్కసారి కూడా లేదు. తెలుగుకు 'మన', 'మా' అనే రెండు వేరు మాటలుండటం ఇక్కడ కలిసొచ్చింది. 'మా తండ్రీ' అన్నప్పుడు పిలవబడుతున్నవాడు ఆ 'మా'లో ఉండడు, పిలుస్తున్నవాళ్లందరూ ఉంటారు. తలుపు వేసుకుని ఒంటరిగా కూర్చున్నా బహువచనంలోనే అడగాలి. తన ఆకలితోపాటు పక్కింటి ఆకలి కూడా ఆ గదిలోకి వచ్చి కూర్చుంటుంది.

"మా అనుదినాహారము నేడు మాకు దయచేయుము." కథోలికుల తెలుగులో ఇది 'నానాటికి కావలసిన మా అన్నము' అని ఉంటుంది. వాళ్లు దేవుణ్ణి 'మీరు' అని, ప్రొటెస్టెంట్లు 'నీవు' అని పిలుస్తారు. ఒకే తండ్రిని ఒక ఇంట్లో మర్యాదతోనూ, ఇంకో ఇంట్లో చనువుతోనూ పిలిచినట్టు. ఇందులో ఏది సరైనదని వాదించుకోవడం దండగ. 'అనుదిన' అని అనువదించిన గ్రీకు మాట కొత్త నిబంధనలో ఈ ప్రార్థనలో తప్ప మరెక్కడా లేదు. దాని వెనక నిర్గమకాండం 16లోని మన్నా, అంటే ఎడారిలో ఇశ్రాయేలీయులకు దేవుడు ఏ రోజుకారోజు ఇచ్చిన ఆహారం, ఉందని చాలామంది వ్యాఖ్యాతలు చదువుతారు. తలకు ఒక ఓమెరు, ఇంచుమించు రెండు లీటర్ల కొలత. రేపటికని దాచినది పురుగుపట్టి కంపుకొట్టింది. విశ్రాంతి దినానికి ముందు రోజు మాత్రం రెండింతలు దొరికింది. పలమనేరు, పుంగనూరు మండీలకు టమాటా తోలే రైతుకు ఈ విన్నపం అలంకారంగా వినబడదు. ఆ పూట ధర తెలిసేది పెట్టెలు దించాకే.

తరువాతిదే అందరూ వేగంగా దాటేసే వాక్యం: "మా ఋణస్థులను మేము క్షమించియున్న ప్రకారము మా ఋణములు క్షమించుము." కథోలిక పాఠంలో నేరుగా 'మా అప్పులు' అనే ఉంది. లూకా 'పాపములు' అని రాశాడు, మత్తయి మాత్రం అప్పు భాషనే ఉంచాడు. ప్రామిసరీ నోటు, నూటికి రెండు రూపాయల వడ్డీ తెలిసిన జిల్లాలో ఈ వాక్యం నోరు తిరగకుండా ఆగిపోవలసినంత బరువైనది. ఎందుకంటే ఇది షరతుతో కూడిన విన్నపం. ఎవరినీ క్షమించకుండా ఈ మాట చెబితే, నన్నూ క్షమించవద్దని అడిగినట్టే. నమూనా అయిపోయిన వెంటనే 14, 15 వచనాల్లో యేసు మళ్లీ వెనక్కి వచ్చి వివరించింది ఈ ఒక్క విన్నపాన్నే. మిగతావాటికి వివరణ అవసరం లేదనుకున్నాడు కాబోలు.

ఉత్తరం విప్పి పరచిన రాజు

నిజం చెప్పడం నేర్చుకోవాలంటే పాత నిబంధనకు వెళ్లాలి. 150 కీర్తనల్లో విలాప కీర్తనలదే పెద్ద వాటా. మన సంఘాల్లో ఎక్కువ వినబడేవి స్తుతి కీర్తనలు కాబట్టి ఈ సంగతి చాలామందికి ఆశ్చర్యంగా ఉంటుంది. 13వ కీర్తన ఆరు వచనాలే. మొదటి రెండింటిలో 'ఇంకెన్నాళ్లు' అన్న ప్రశ్న నాలుగుసార్లు వస్తుంది. 3, 4 వచనాల్లో విన్నపం. 5, 6లో నమ్మకం, పాట. దుఃఖాన్ని దాటవేసి నేరుగా పాట దగ్గరికి పోయే దారి అందులో లేదు. 88వ కీర్తన అయితే ఆ చివరి మలుపు కూడా తీసుకోదు. హీబ్రూలో దాని ఆఖరి మాట 'చీకటి'. అలాంటి ప్రార్థనను గ్రంథంలో ఉంచినవాళ్లు దాన్ని అవిశ్వాసం కింద జమకట్టలేదు. మూర్ఛరోగపు కొడుకును తెచ్చిన తండ్రి మాటనూ అంతే. నమ్ముతున్నాను, నా అపనమ్మకం పోయేలా సాయం చెయ్యి అని ఒకే ఊపిరిలో రెండూ చెప్పాడు మార్కు 9:24లో. యేసు అతణ్ణి ముందు నమ్మకం సరిచేసుకుని రమ్మనలేదు.

యూదా రాజు హిజ్కియా చేసిన పని ఇంకా కళ్లకు కట్టేట్టు ఉంటుంది. అష్షూరు దండు యెరూషలేము మీదికి వచ్చింది, లొంగిపొమ్మని ఉత్తరం వచ్చింది. ఆయన ఆ ఉత్తరం చదివి, మందిరంలోకి తీసుకెళ్లి, దేవుడి ఎదుట విప్పి పరిచాడు (యెషయా 37:14). తరువాత చేసిన ప్రార్థనలో శత్రువు చెప్పినదాంట్లో నిజమైనంత మేర నిజమేనని ఒప్పుకున్నాడు: అష్షూరు రాజులు చాలా దేశాలను పాడు చేసిన మాట వాస్తవమే. ఆ తరువాతే సాయం అడిగాడు. ఈ పద్ధతిని ఇవాళ ఎవరైనా చేయవచ్చు. బ్యాంకు నోటీసు, బోరు వేసినవాడి బిల్లు, స్కానింగ్ రిపోర్టు, పిల్లవాడి మార్కుల కాగితం, ఏదైతే నిద్ర పట్టనివ్వడం లేదో దాన్ని బల్ల మీద విప్పి పెట్టి, అందులోని అంకెలతో సహా చెప్పడం. 'మా ఆర్థిక ఇబ్బందులు తీర్చు ప్రభువా' అనే మాట వెనక చాలా దాచవచ్చు. 'మూడో బోరు కూడా ఎండింది, మొదటి రెండు బోర్ల అప్పే తీరలేదు, మూడోది వద్దన్న భార్య మాట వినలేదు' అన్నప్పుడు దాచడానికి చోటుండదు. ఆ మూడో ముక్క దగ్గరే ప్రార్థన నిజంగా మొదలవుతుంది.

బిడ్డ కోసం ప్రార్థించిన హన్నా కథలో నిజాయితీకి మరో గుర్తు ఉంది. షిలోహు మందిరంలో ఆమె పెదవులు కదిలాయి, స్వరం వినబడలేదు. ద్వారబంధం దగ్గర కూర్చున్న యాజకుడు ఏలీ ఆమె తాగి ఉందనుకున్నాడు. ప్రార్థన చూసి పసిగట్టడంలో వృత్తిగా చేసేవాళ్లు కూడా పొరబడతారని గ్రంథం నిర్మొహమాటంగా రాసుకుంది. ఆమె జవాబు: "నా ఆత్మను యెహోవా సన్నిధిని కుమ్మరించుకొనుచున్నాను." కుండ వంచితే అడుగున ఉన్న మడ్డి కూడా వస్తుంది. పై తేట మాత్రమే పోస్తే దాన్ని కుమ్మరించడం అనరు. ఆ తరువాత ఆమె వెళ్లి భోజనం చేసింది, ముఖంలో దుఃఖం పోయింది (1 సమూయేలు 1:18). అప్పటికి ఆమె అడిగిన కొడుకు సమూయేలు పుట్టలేదు, కడుపున పడనూ లేదు. మారింది పరిస్థితి కాదు, అన్నం సయించింది, అంతే.

ప్రార్థన అడ్డుపడే చోట్లు

ప్రార్థన ఎందుకు వినబడదన్న ప్రశ్నకు బైబిల్ ఇచ్చే జవాబులు చాలావరకు ప్రార్థనా గది బయటివి. "నా హృదయములో నేను పాపమును లక్ష్యము చేసినయెడల ప్రభువు నా మనవి వినకపోవును" అంటుంది కీర్తన 66:18. ఇక్కడ మాట పాపం చేసినవాడి గురించి కాదు. అలాగైతే సుంకరికి దారే లేదు. వదులుకునే ఉద్దేశం లేకుండా దాన్ని పెంచుకుంటున్నవాడి గురించి. "దరిద్రుల మొఱ్ఱ వినక చెవి మూసికొనువాడు తాను మొఱ్ఱపెట్టునప్పుడు అంగీకరింపబడడు" అంటుంది సామెతలు 21:13. పనిమనిషి అడ్వాన్సు అడిగితే విసుక్కున్న పూట ఈ వచనం గుర్తుకు రావాలి. భార్యను గౌరవించని భర్త ప్రార్థనకు అభ్యంతరం కలుగుతుందని 1 పేతురు 3:7 సూటిగా రాసింది. మగవాళ్ల కూటాల్లో ఈ వచనం మీద ప్రసంగాలు తక్కువ. భోగాల కోసం అడిగితే దొరకదని యాకోబు 4:3.

తగాదాల విషయంలో రెండు వేరు ఆజ్ఞలున్నాయి, వీటిని కలపకూడదు. మనకు ఒకరి మీద విరోధం ఉంటే నిలబడ్డచోటే క్షమించమంటుంది మార్కు 11:25. మన మీద మరొకరికి విరోధం ఉందని గుర్తొస్తే మాత్రం, మత్తయి 5:24 ప్రకారం, అర్పణను బలిపీఠం ముందే వదిలిపెట్టి 'మొదట వెళ్లి' సమాధానపడాలి. విన్నవాళ్లు గలిలయవాళ్లు. బలిపీఠం ఉన్నది యెరూషలేములో, 100 కిలోమీటర్లకు పైన, కాలినడకన మూడు నాలుగు రోజుల దారి. చిత్తూరు నుంచి తిరుపతికి ఉన్న 70 కిలోమీటర్ల కన్నా దూరం. అర్పణ అక్కడ పెట్టి, ఊరికి నడిచివెళ్లి, గట్టు తగాదాలో ఉన్న అన్నతో మాట్లాడి, మళ్లీ నడిచి రమ్మంటున్నాడు. ఇవాళ ఆ దూరం ఒక ఫోన్ కాల్ అంత. అయినా చాలామంది ఉపవాస ప్రార్థనకు నలభై రోజులు పెట్టుకుంటారు గానీ ఆ కాల్ చేయరు.

జవాబు రాకపోవడాన్ని ప్రతిసారీ లోపం కింద లెక్కించడం మాత్రం అన్యాయం. పౌలు తన శరీరంలోని ముల్లు తీసేయమని మూడుసార్లు వేడుకున్నాడు. ముల్లు పోలేదు, "నా కృప నీకు చాలును" అన్న మాట వచ్చింది. గెత్సేమనేలో యేసు తొలగించమని అడిగిన శ్రమల గిన్నె తొలగిపోలేదు. రోగి మంచం పక్కన నిలబడి 'నీకు విశ్వాసం చాల్లేదు' అనేవాళ్లు ఈ రెండు సంగతులకూ జవాబు చెప్పాలి. మందులు ఆపేయమనేవాళ్లకు మరో ప్రశ్న ఉంది: హిజ్కియా జబ్బుపడి గోడవైపు తిరిగి ఏడ్చి ప్రార్థించాడు, దేవుడు ఆయుస్సు పొడిగిస్తానన్నాడు, అయినా పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద కట్టమని యెషయా చెప్పాడు (38:21). అది అప్పటి వైద్యం. ఈ ప్రాంతంలో ఆ రెండూ కలిసే నడిచాయి. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1912లో క్షయ ఆసుపత్రిని స్థాపించింది మిషన్లే. చిత్తూరువాళ్లు ఇవాళ్టికీ బస్సెక్కి వెళ్లే వేలూరు ఆసుపత్రి 1900లో ఐడా స్కడ్డర్ ఒక్క మంచంతో మొదలుపెట్టింది. ప్రార్థించే చేతులే కట్లూ కట్టాయి.

మొదలుపెట్టేవాళ్లకు

పది నిమిషాలతో మొదలుపెడితే చాలు. గంటసేపు కూర్చుంటానని తీర్మానించినవాళ్లు సాధారణంగా మూడో రోజే ఆగిపోతారు; పైగా ఆ గంట నిండటానికే ఊతపదాలు పుట్టుకొస్తాయి. దానియేలు రోజుకు మూడుసార్లు మోకరించాడు, రెండో శతాబ్దానికి దగ్గరి క్రైస్తవ బోధనా గ్రంథం దిదఖే కూడా ప్రభువు ప్రార్థనను రోజుకు మూడుసార్లు చెప్పమంది. కాబట్టి ఒకే దీర్ఘ ప్రార్థన కన్నా మూడు చిన్నవి పాత అలవాటే. భంగిమ గురించి బెంగ అక్కర్లేదు. హన్నా నిలబడింది, దానియేలు మోకరించాడు, దావీదు కూర్చున్నాడు (2 సమూయేలు 7:18), యేసు సాగిలపడ్డాడు, మరోసారి ఆకాశం వైపు కళ్లెత్తాడు. కళ్లు మూసుకోవాలన్న ఆజ్ఞ గ్రంథంలో లేదు. చూపు చెదరకుండా పనికొస్తుంది కాబట్టి మూసుకుంటాం. నిద్ర ముంచుకొస్తుంటే తెరవడమే మంచిది.

మొదటి రెండు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి. "నీ మాటలు కొద్దిగా ఉండవలెను" అన్న ప్రసంగి 5:2కు ఇదే సాధన. ఆ నిశ్శబ్దంలో మొదట పైకి తేలేది దేవుడి మహిమ కాదు. గ్యాస్ బుకింగు, ఆఫీసులో ఎవరో అన్న మాట, మామిడి కాయ కోతకు కూలీలు. వాటిని తరిమేయడానికి ప్రయత్నిస్తే అవే నిలబడతాయి. వాటినే విన్నపాలుగా మార్చడం సులువు. తరువాత ఒక చిన్న కీర్తన, 13 గానీ 51లో మొదటి 12 వచనాలు గానీ, చదివి దాని అచ్చులో సొంత మాటలు పోయాలి. ఇంకెన్నాళ్లు అన్నచోట తన 'ఎన్నాళ్లు' ఏమిటో చెప్పాలి. చివర 'అయినను నా యిష్టప్రకారము కాదు' అన్న గెత్సేమనే మాట. దీన్ని ముందే చెప్పేస్తే అడగడం దాటవేసినట్టవుతుంది. యేసు ముందు 'ఈ గిన్నె నాయొద్దనుండి తొలగించుము' అని సూటిగా అడిగి, ఆ తరువాతే ఆ మాట అన్నాడు.

ఇంట్లో మాట్లాడే తెలుగులోనే ప్రార్థించడం మంచిది. 'దయచేయుము', 'అనుగ్రహింపుము' అనే మాటలు చదివేటప్పుడు అందంగా ఉంటాయి గానీ, ఆ భాషలో మనం ఎవరి మీదా కోపపడం, ఎవరికీ క్షమాపణ చెప్పం. కాబట్టి ఆ రెండు పనులూ ప్రార్థనలోనూ జరగవు. యేసు వాడిన 'అబ్బా' అనే అరమాయిక్ మాట పసిపిల్లలే పిలిచే ముద్దుమాట అని ప్రసంగాల్లో తరచూ చెబుతుంటారు. పెద్దవాళ్లు కూడా తండ్రిని అలాగే పిలిచేవారు. మనవైపు 'నాయనా' ఎలాగో అదీ అంతే, ఏ వయసుకైనా సరిపోయే పిలుపు.

ఒక నోటుపుస్తకంలో తేదీ వేసి అడిగినదాన్ని ఒక్క వాక్యంలో రాసుకోవడం పనికొస్తుంది. నెల తరువాత తిరగేస్తే రెండు విషయాలు బయటపడతాయి. కొన్ని విన్నపాలకు జవాబు వచ్చినా గమనించలేదని ఒకటి. కొన్నింటిని రెండో రోజుకే మర్చిపోయామని, అంటే అవి అసలు మన కోరికలే కావని, రెండోది. ప్రార్థన పొడిబారిన రోజుల్లో రాయడానికేమీ లేకపోతే రోమా 8:26 పక్కన తేదీ వేసి ఊరుకోవచ్చు. ఎలా ప్రార్థించాలో మనకు తెలియదని ఒప్పుకుంటూ, ఉచ్చరింప శక్యంకాని మూలుగులతో ఆత్మే విజ్ఞాపన చేస్తాడని చెప్పే వచనం అది.

ఇక నలుగురి ముందు ప్రార్థించేవాళ్ల సంగతి. ఏకాంత ప్రార్థన గురించి ఇంత చెప్పిన గ్రంథం బహిరంగ ప్రార్థనను తీసేయలేదు. రాజు ప్రశ్నకూ తన జవాబుకూ మధ్య రెప్పపాటులో, పారసీక రాజు కొలువులో ఉన్న నెహెమ్యా చేసిన ప్రార్థన (నెహెమ్యా 2:4) వెనక నాలుగు నెలల ఏకాంత ప్రార్థన ఉంది. గదిలో పునాది లేనిదే మైకు ముందు పొడుగవుతుంది. నాయకత్వం వహించేవాళ్లకు పౌలు ఇచ్చిన కొలమానం 1 కొరింథీయులు 14:16లో ఉంది: వింటున్నవాడికి అర్థం కాకపోతే నీ కృతజ్ఞతకు అతడు ఆమేన్ ఎలా అంటాడు? 'ఆమేన్' అనే హీబ్రూ మాటా, 145వ కీర్తనలో 'నిజముగా' వెనకున్న 'ఎమెత్' అనే మాటా ఒకే ధాతువు బిడ్డలు. ఆమేన్ అనడమంటే 'ఇది నిజం, నేనూ దీనికి నిలబడతాను' అని సాక్షి సంతకం పెట్టడం. కాబట్టి ముందుండి ప్రార్థించేవాళ్లు వాక్యాలు చిన్నవిగా ఉంచాలి, ఒక్కో విన్నపం దగ్గర ఊపిరి పీల్చుకునేంత ఆగాలి. వెనక చాప మీద కూర్చున్న ముసలావిడ ఏమడిగారో విని, అది తనకూ కావాలో వద్దో తేల్చుకుని, అప్పుడు ఆమేన్ అనేంత వ్యవధి ఆమెకు ఇవ్వాలి.